ఏల్‌కి ఏ మాల్ట్, ఏ హాప్స్? లీడ్స్‌లో ఉన్న తిరుపతి తమ్ముడికి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. తిరుపతి నుంచి వెళ్లి లీడ్స్‌లో చదువుకుంటున్నారు. అద్దె ఇంటి వంటగదిలో ఇప్పటికి నాలుగుసార్లు ఏల్ (బీరులో ఒక రకం) కాచారు. ప్రతిసారీ రెసిపీ మార్చారు, చివరిదాంట్లో ఆరు రకాల మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), నాలుగు రకాల హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే తీగ పూలు) వేశారు. అయినా నాలుగూ ఒకేలా, మీ మాటల్లోనే చెప్పాలంటే "గోధుమరంగు చేదునీళ్లలా" వచ్చాయి. స్టూడెంట్ బడ్జెట్‌లో ఏం కొనాలి, ఏం మానాలి అన్నది మొదటి ప్రశ్న. వేసవిలో ఇంటికొచ్చినప్పుడు సరుకు తెచ్చుకుని తిరుపతిలో ఫ్రెండ్స్‌కి కాచిపెట్టొచ్చా అన్నది రెండోది.

రెండోదాన్ని ముందు తేల్చేస్తాను. వద్దు. ఆంధ్రలో లైసెన్స్ లేకుండా ఇంట్లో మద్యం తయారుచెయ్యడం నేరం. అది నాటుసారానా, మారిస్ ఆటర్ అనే బార్లీ మాల్ట్‌తో చేసిన బిట్టరా (ఇంగ్లిష్ ఏల్‌లో ఒక రకం) అన్న తేడా ఎక్సైజ్ వాళ్లకి ఉండదు. ఇంగ్లండ్‌లో 1963లో ఆ లైసెన్స్ తీసేశారు కాబట్టి అక్కడ సొంతానికి ఎంతైనా కాచుకోండి, అమ్మకండి అంతే. ఇక్కడికొచ్చినప్పుడు అమ్మ చేతి చారు తాగి వెళ్లండి.

ఇప్పుడు మొదటిది. ఒక బేస్ మాల్ట్ (రెసిపీలో ఎక్కువ భాగం ఉండేది), దానికి తోడు మహా అయితే ఒక్క రంగు మాల్ట్, ఒకే ఒక్క హాప్. 20 లీటర్లకి మారిస్ ఆటర్ 4 కిలోలు, 150 ఈబీసీ (మాల్ట్ రంగు ఎంత ముదురో చెప్పే అంకె) క్రిస్టల్ మాల్ట్ 200 గ్రాములు, ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ అనే హాప్ 100 గ్రాముల ప్యాకెట్ ఒకటి. ఇదే మూడుసార్లు కాయండి. ప్రతిసారీ ఒక్కటంటే ఒక్కటే మార్చండి. మిగతా సరుకు పెట్టెలో ఉండనివ్వండి, లేదా ఎవరికైనా ఇచ్చేయండి.

నాది చిత్తూరు, గ్రీంస్‌పేట. షెఫీల్డ్‌లో చదివేటప్పుడు మీలాగే వంటింట్లో మొదలుపెట్టి, అక్కడే ఒక చిన్న బ్రూవరీలో నాలుగేళ్లు గిన్నెలు కడిగి, ఆ తర్వాత బెంగళూరులో ఒక బ్రూపబ్‌లో (సొంతంగా బీరు కాచి అమ్మే పబ్) తొమ్మిదేళ్లుగా బ్రూవర్‌గా ఉన్నాను. మా అమ్మకి తెలుసు. మా పెద్దమ్మకి మాత్రం ఇప్పటికీ నాది "ఫుడ్ ఫ్యాక్టరీలో ఉద్యోగం".

మన జిల్లాలో మాల్ట్ అంటే రాగి మాల్టే కదా, అక్కణ్ణుంచే వస్తాను. రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక నీడన ఆరబెట్టి, దోరగా వేయించి, మిషన్‌కి పంపేది మా అమ్మ. బార్లీకి చేసేదీ ఇదే పని. మొలకెత్తేటప్పుడు గింజలో ఎంజైములు పుడతాయి, గింజలోని పిండిని చక్కెరగా మార్చే పని వాటిది. ఆ చక్కెరని తినే ఈస్ట్ మనకి ఏల్ ఇస్తుంది. ఇక్కడ వేడే అసలు సంగతి. తక్కువ వేడిలో ఆరబెడితే ఎంజైములు బతికే ఉంటాయి, అదే బేస్ మాల్ట్. మొలకని తడి ఆరకముందే వేడిచేస్తే గింజ లోపలే చక్కెర పుట్టి, తర్వాతి కాల్పులో అక్కడే పాకంలా గట్టిపడుతుంది, అది క్రిస్టల్. బాగా మాడ్చితే చాక్లెట్ మాల్ట్, ఇంకా మాడ్చితే బ్లాక్ మాల్ట్. ఈ మాడ్చినవాటికీ క్రిస్టల్‌కీ సొంతంగా పిండిని మార్చే శక్తి ఉండదు, బేస్ మాల్ట్ మీద బతకాల్సిందే.

కాబట్టి బేస్ మాల్ట్ సంగటిముద్ద అనుకోండి, క్రిస్టల్ ఊరుబిండి అనుకోండి. మీ చివరి రెసిపీలో సంగటి సగం ముద్ద, పక్కన అయిదు రకాల పచ్చళ్లు ఉన్నాయి. ఆ జాబితా మళ్లీ చూడండి: రెండు రకాల క్రిస్టల్, బ్రౌన్ మాల్ట్, ఆంబర్ మాల్ట్, కొంచెం చాక్లెట్. ఇవన్నీ వేర్వేరు పేర్లతో దాదాపు ఒకే పని చేసేవి, అంటే కాల్చిన రుచి, రంగు. ఒక్కోటి నూటయాభై గ్రాములు వేస్తే ఏదీ విడిగా తెలియదు, అన్నీ కలిసి మట్టిరంగు మాత్రం వస్తుంది. మీ నాలుగు బ్యాచ్‌లూ ఒకేలా ఎందుకున్నాయో సగం జవాబు ఇదే.

బేస్ మాల్ట్ మీద డబ్బు ఎప్పుడు పెట్టాలి? మారిస్ ఆటర్ 1960ల్లో కేంబ్రిడ్జ్‌లో పుట్టిన బార్లీ రకం, శరదృతువులో విత్తుతారు. కొత్త రకాలతో పోలిస్తే దిగుబడి తక్కువ, అందుకే ధర ఎక్కువ. బిస్కెట్‌లాంటి, వేయించిన పప్పులాంటి రుచి ఉంటుంది. స్కాట్లండ్ వాళ్ల గోల్డెన్ ప్రామిస్ దానికన్నా కొంచెం తీపి, నునుపు. పేరు లేని మామూలు పేల్ మాల్ట్ వీటికన్నా చవక. నా లెక్క ఏమిటంటే, హాప్స్ నోరు చేసుకునే ఏల్ అయితే, అంటే అమెరికన్ హాప్స్ గుప్పించిన పేల్ ఏల్ లాంటివాటికి, మామూలు పేల్ మాల్ట్ చాలు. కింద ఏ మాల్ట్ ఉందో ఎవరూ కనిపెట్టలేరు. బిట్టర్, మైల్డ్ లాంటి నెమ్మది ఏల్స్‌కి మాత్రం మారిస్ ఆటర్ కొనండి, అక్కడ దాచుకోవడానికి ఏమీ ఉండదు. మీరు సరిగ్గా తలకిందులుగా చేశారు. సిట్రా అనే అమెరికన్ హాప్ వేసినదానికి మారిస్ ఆటర్, బిట్టర్‌కి చవకది.

క్రిస్టల్ విషయంలో నేను తిన్న దెబ్బ చెప్తాను. షెఫీల్డ్‌లో రెండో బ్యాచ్‌కి "రుచి బాగా రావాలి" అని 20 లీటర్లకి 800 గ్రాముల క్రిస్టల్ వేశాను. మాకు పాకాల రోడ్డువైపు చెరుకు ఉండేది, మా తాత గానుగ దగ్గర బెల్లం కాచేవాడు. అదే రసం, మంట తేడా వస్తే లేత రంగు అచ్చు కాస్తా నల్ల బెల్లం అయ్యేది. నా ఏల్ ఆ నల్ల బెల్లం పాకంలా వచ్చింది. మొదటి గుక్క బాగుంది, రెండోది ఫరవాలేదు, సగం గ్లాసుకి వెగటు. మొత్తం మాల్ట్‌లో క్రిస్టల్ అయిదు శాతం మంచి మొదలు. పది దాటితే కారణం ఉండాలి. ప్యాకెట్ మీద ఈబీసీ అంకె చూడండి: 150 దగ్గర ఉంటే పాకం, టాఫీ రుచి. 300, 400 దగ్గరికి వెళ్తే ఎండుద్రాక్ష, మాడిన చక్కెర. "క్రిస్టల్" అని పేరు చూసి కొనడం వల్లే చాలామంది బోల్తా పడతారు.

చాక్లెట్ మాల్ట్ రంగు కోసమైతే 50 గ్రాములు చాలు. పోర్టర్ అనే నల్లటి ఏల్ చేసేటప్పుడు తప్ప 200 దాటొద్దు. ఒకసారి నేను బ్రౌన్ ఏల్ అని చెప్పి అరకిలో వేసి మదనపల్లె ఫ్రెండ్‌కి ఇచ్చాను. "సంగటి అడుగంటితే గీకి కలిపినావేందిరా" అన్నాడు. ఆ మాట తర్వాత ఇంకే పుస్తకమూ అవసరం కాలేదు.

మ్యాష్, అంటే మాల్ట్‌ని వేడినీళ్లలో నానబెట్టడం, 66 డిగ్రీల దగ్గర ఒక గంట. దాని గురించి ఇంతకన్నా ఇప్పుడు ఆలోచించకండి.

ఇక హాప్స్. ఇక్కడ మీరు చేసిన పెద్ద తప్పు రకాలు ఎక్కువ వెయ్యడం కూడా కాదు, ఆల్ఫా అంకె చూడకుండా గ్రాములు వెయ్యడం. హాప్స్‌లో చేదునిచ్చేది ఆల్ఫా యాసిడ్. గోల్డింగ్స్‌లో అది 5 శాతం చుట్టూ ఉంటుంది, ఫగుల్‌లో 4, 5 శాతం, చాలెంజర్‌లో 7, 8 శాతం, సిట్రాలో 12 పైనే. ఒకే రకంలో కూడా పంట ఏడాదిని బట్టి మారుతుంది. రెసిపీలో "గోల్డింగ్స్ 30 గ్రాములు" అని ఉంటే, రాసినవాడి ప్యాకెట్ మీద 5.5 ఉండొచ్చు, మీ దాని మీద 4 ఉండొచ్చు. అప్పుడు మీరు వెయ్యాల్సింది 41 గ్రాములు.

లెక్క కష్టమేం కాదు. 30 గ్రాముల్లో 5.5 శాతం అంటే 1.65 గ్రాముల ఆల్ఫా. గంటసేపు మరిగిస్తే అందులో దాదాపు నాలుగోవంతే వోర్ట్‌లో (మాల్ట్ నుంచి వడకట్టిన తీపి రసం) కరిగి చేదుగా మిగులుతుంది, అంటే 410 మిల్లీగ్రాముల చిల్లర. 20 లీటర్లకి పంచితే లీటరుకి 20 మిల్లీగ్రాములు. అదే 20 ఐబీయూ, చేదుకి కొలత. ఇంతే.

ఆ చేదు ఎక్కువా తక్కువా అన్నది మాల్ట్ తీపిని బట్టి ఉంటుంది, కాకరకాయ పులుసులో బెల్లం లాగా. పైన చెప్పిన మాల్ట్‌తో మీకు గ్రావిటీ (రసంలో చక్కెర ఎంతుందో చెప్పే సాంద్రత) 1.045 దగ్గర వస్తుంది. ఆ చివరి 45లో అరవై, డెబ్భై శాతం, అంటే 27 నుంచి 31 ఐబీయూ, బిట్టర్‌కి సరిపోతుంది. మైల్డ్‌కి సగం కన్నా తక్కువ చాలు. హాప్స్ దండిగా వేసే ఐపీఏ అయితే దాదాపు సమానంగా ఉంటుంది. మీరు పంపిన మూడో రెసిపీ లెక్కేశాను, 1.040 గ్రావిటీకి 58 ఐబీయూ వచ్చింది. చేదునీళ్లలా ఉండక ఏమవుతుంది చెప్పండి.

రెండో సంగతి, ఎప్పుడు వేస్తున్నారు? చారు మరిగేటప్పుడు మొదట్లోనే కొత్తిమీర వేసేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. దించేముందు వేస్తేనే వాసన. హాప్స్ వాసన కూడా తేలిగ్గా ఆవిరైపోయే నూనెల్లో ఉంటుంది. గంట మరిగితే చేదు మిగులుతుంది, వాసన పొగగొట్టంలో పోతుంది. కాబట్టి మొదట్లో 30 గ్రాములు, ఆఖరి పావుగంటలో 20 గ్రాములు, స్టవ్ కట్టేసిన తర్వాత ఇంకో 20. మధ్యలో వేసినవి అటు చేదూ ఇటు వాసనా సగం సగం ఇస్తాయి, నేనైతే ఆ జోలికి వెళ్లను. నాకు జ్ఞానోదయం కాకముందు 40 గ్రాముల సిట్రా మొత్తం మొదట్లోనే వేసేశాను. 60 దాటిన చేదు, మామిడి వాసన సున్నా. ఆ వారం మెస్ డబ్బులు అవి.

డబ్బు మిగల్చాలంటే ఒక చిట్కా ఉంది. మొదట్లో వేసే చేదుకి గోల్డింగ్స్ అక్కర్లేదు. జర్మనీ మాగ్నం అని ఒకటి ఉంది, ఆల్ఫా 13 దగ్గర ఉంటుంది, శుభ్రమైన చేదు, తనకంటూ పెద్దగా వాసన ఉండదు. 30 గ్రాముల గోల్డింగ్స్ చేసే పని అది 13 గ్రాములతో చేస్తుంది. ఒక ప్యాకెట్ ఫ్రీజర్లో పెట్టుకుంటే అర డజను బ్యాచ్‌లు వస్తాయి. ఖరీదైన హాప్ అంతా చివర్లో వెయ్యడానికి మిగులుతుంది. "ఒకే హాప్" అని పైన చెప్పింది వాసన గురించే, చేదు కోసం మాగ్నం వేస్తే ఆ నియమం తప్పినట్టు కాదు. కానీ మొదటి బ్యాచ్ మాత్రం పూర్తిగా గోల్డింగ్స్‌తోనే కాయండి, ఆ హాప్ పూర్తి స్వభావం ఒకసారి నాలుకకి తెలియాలి.

రకాల గురించి నా నాలుకకి తెలిసింది చెప్తాను. గోల్డింగ్స్‌ది పూలవాసన, కొంచెం తేనె, నిదానం. ఫగుల్‌ది తడిమట్టి, గడ్డి, ఎక్కడో పుదీనా. కొందరికి అస్సలు పడదు, నాకు మైల్డ్‌లో చాలా ఇష్టం. చాలెంజర్ చేదుకీ వాసనకీ రెంటికీ పనికొస్తుంది, ఒకే ప్యాకెట్ కొనగలిగే పరిస్థితి అయితే అదే కొనండి. కాస్కేడ్ 1972లో అమెరికాలో విడుదలైన రకం. దాని వంశంలో ఫగుల్ కూడా ఉంది గానీ పోలిక రాలేదు, పంపరపనస తొక్క గిల్లినట్టు ఉంటుంది. సిట్రా వాసన ఎలా ఉంటుందని బెంగళూరులో కస్టమర్లు అడిగితే నేను లిచీ, పాషన్ ఫ్రూట్ అని చెప్తాను. మీకు వేరేగా చెప్పొచ్చు: జూన్ నెలలో చిత్తూరు చుట్టుపక్కల పల్ప్ ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు క్యూ కట్టినప్పుడు గాలిలో ఉండే వాసన, అందులో కాస్త నిమ్మతొక్క.

రకం కన్నా తాజాదనం ముఖ్యం. ఇది నేను పుస్తకంలో చదివి, తర్వాత చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. ఉత్తరార్ధగోళంలో హాప్స్ కోత ఆగస్టు చివర, సెప్టెంబరులో. ప్యాకెట్ మీద పంట ఏడాది ఉంటుంది, చూడండి. ఏడాది లేని ప్యాకెట్, పారదర్శకంగా గాలి నిండిన కవర్, డిస్కౌంట్ బుట్ట, ఈ మూడూ వదిలెయ్యండి. ఒకసారి మా బ్రూపబ్‌కి వచ్చే హాప్స్ పెట్టె ఏప్రిల్ ఎండల్లో చల్లదనం లేని గోడౌన్‌లో పదిరోజులు ఉండిపోయింది. విప్పితే పాత చీజ్, చెమట పట్టిన సాక్సుల వాసన. ఓనరు "మరిగిస్తే పోతుందిలే" అన్నాడు. మరిగించాం, పోలేదు. 500 లీటర్లు కాలవలో పోశాం. మీరు తెరిచిన ప్యాకెట్‌ని గాలి పిండేసి, గట్టిగా మూసి, ఫ్రీజర్లో పెట్టండి. రూమ్మేట్ బఠాణీలు అనుకుని వండకుండా పేరు రాయండి.

కొందరు తిరుపతిలో మేడ మీద హాప్ తీగ పెంచొచ్చా అని కూడా అడుగుతుంటారు. పెరగొచ్చు, కానీ సరిగ్గా పూత రాదు. దానికి ఎండాకాలంలో పదిహేను గంటల దాకా పగటి వెలుగు, శీతాకాలంలో గట్టి చలి కావాలి. మన దగ్గర అతి పెద్ద పగలే 13 గంటలు. మన దేశంలో హాప్స్ పండేది పైన హిమాచల్‌లోని లాహౌల్ లోయలో.

రాగి మాల్ట్ వేస్తే ఎలా ఉంటుందని మీరు చివర్లో ఒక లైను రాశారు, దానికి నవ్వుకున్నాను, ఎందుకంటే నేనూ ఆగలేకపోయాను. బ్రూపబ్‌లో 12 శాతం రాగి మాల్ట్‌తో ఒక బ్యాచ్ చేశాం. రాగి గింజ చిన్నది, బార్లీకి పెట్టిన మిల్లు సందులోంచి చెక్కుచెదరకుండా జారిపోయింది. సరే అని విడిగా పిండి పట్టించాం. ఆ పిండి కాస్తా మ్యాష్ అడుగున అంబలిలా పేరుకుని వడకట్టడం ఆగిపోయింది, రాత్రి పదకొండుదాకా గరిటెలు పట్టుకుని కూర్చున్నాం. పైగా రాగి పిండి బార్లీ కన్నా ఎక్కువ వేడికి గానీ ఉడకదు. రుచి మాత్రం బాగుంది, మట్టికుండ నీళ్లలాంటి ఒక చల్లని వాసన. సిక్కిం, నేపాల్ వైపు తోంగ్బా అనే కల్లులాంటి పానీయం రాగులతోనే చేస్తారు, వాళ్ల పద్ధతే వేరు. మీరు చెయ్యాలనుకుంటే 5 శాతంతో, ముందు విడిగా జావ కాచి కలపండి. కానీ ఇంకో ఆరు బ్యాచ్‌ల తర్వాత.

ఒక అనుమానం కూడా చెప్పాలి. నాలుగూ ఒకే రుచి వచ్చాయంటే మాల్ట్, హాప్స్ మీదే నింద మొత్తం వెయ్యలేం. హీటర్ పక్కన బకెట్ పెట్టానని మీరే రాశారు. ఏల్ ఈస్ట్‌కి 18 నుంచి 20 డిగ్రీలు చాలు. 26, 27కి పోతే అది తన సొంత వాసనలు, ఘాటైన స్పిరిట్ లాంటి కాక ఇస్తుంది. అప్పుడు గోల్డింగ్స్ వేసినా గడ్డి వేసినా తేడా తెలియదు. బకెట్‌ని మెట్ల కింద పెట్టండి, పైన తడి టీషర్టు కప్పండి.

ఇక మూడు బ్యాచ్‌ల వరస. మొదటిది పైన రాసినట్టే. రెండోదాంట్లో క్రిస్టల్ తీసేసి మారిస్ ఆటర్ 4.2 కిలోలు, హాప్స్ అవే. మూడోదాంట్లో క్రిస్టల్ మళ్లీ పెట్టి, గోల్డింగ్స్ బదులు చాలెంజర్, గ్రాములు ఆల్ఫా ప్రకారం తగ్గించి. మొదటిదాంట్లోంచి నాలుగు సీసాలు దాచండి, లేకపోతే పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. సీసాలు ముదురు గోధుమరంగువే వాడండి. తెల్లవీ పచ్చవీ అయితే వెలుగు తగిలి హాప్స్ కంపు కొడతాయి.

నీళ్ల గురించి అడగలేదు గానీ చెప్తాను. లీడ్స్ నీళ్లు తేలిక, మన బోరు ఉప్పునీళ్లకి పూర్తి వ్యతిరేకం. నీటి కంపెనీ సైట్‌లో మీ పోస్ట్‌కోడ్ కొడితే రిపోర్టు వస్తుంది. పేల్ ఏల్‌కి పేరు తెచ్చిన బర్టన్ ఊరి బావినీళ్లలో జిప్సం ఎక్కువ. కలకత్తాకి, మన మద్రాసుకి పీపాల్లో వచ్చిన ఏల్స్‌లో చాలా ఆ నీళ్లతో కాచినవే. జిప్సంలోని సల్ఫేట్ హాప్స్ చేదుని పొడిగా, స్పష్టంగా నిలబెడుతుంది. హోమ్‌బ్రూ షాపులో జిప్సం చవగ్గా దొరుకుతుంది, 20 లీటర్లకి 4 గ్రాములు, అంటే ఒక టీస్పూను, మ్యాష్ నీళ్లలో కలపండి. క్లోరిన్ పోవడానికి అర క్యాంప్‌డెన్ మాత్ర కూడా వెయ్యండి.

గోల్డింగ్స్ ప్యాకెట్ వచ్చాక దాని మీద ఉన్న ఆల్ఫా అంకె, పంట ఏడాది ఇక్కడ రాయండి. గ్రాములు నేను లెక్కకట్టి చెప్తాను.